టింకర్‌బెల్లా ఊరికి వెళ్లొచ్చాం

హ్యూస్టన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలు ఉందామని వెళ్లాం. మూడో నెలకే నాకూ మా ఆవిడకీ తోచడం మానేసింది. జూలైలో మనవరాలికి సెలవులు. "కోస్టారికా వెళ్దాం నాన్నా, నాలుగు గంటల్లోపే విమానం, మీ అమెరికా వీసా సరిపోతుంది" అంది అమ్మాయి. మాది మల్టిపుల్ ఎంట్రీ వీసా కాబట్టి నిజంగానే వేరే వీసా అడగలేదు. అల్లుడు కూర్చుని అగ్నిపర్వతం, వేడినీటి గుండాలు, బీచ్ అంటూ ప్లాన్ వేశాడు. నేను ఒక్కటే అడిగాను, లా సెల్వా అనే చోట రెండు రాత్రులు ఉందామని.

"అక్కడేముంది మావయ్యగారూ?"

"ఒక పురుగు."

"చూడ్డానికి బావుంటుందా?"

"చూడ్డానికి కనబడదు."

అల్లుడు మర్యాదస్తుడు, ఇంకేం అనలేదు. ఫోన్ తీసి గదులు బుక్ చేశాడు.

ఎందుకడిగానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం అనకాపల్లి చుట్టుపక్కల చెరకు మండలాల్లో ఏవోగా, అంటే వ్యవసాయాధికారిగా, గడిచింది. చెరకు లేతగా ఉన్నప్పుడు పీక పురుగు పడుతుంది. మొవ్వు ఎండిపోతుంది, పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది, వాసన చూస్తే కుళ్లు కంపు. దానికి మేం ట్రైకో కార్డులు ఇచ్చేవాళ్లం. చిన్న అట్టముక్క, దాని మీద గరుకు కాగితంలా అంటించిన కార్సిరా పురుగు గుడ్లు, ఒక్కో అట్టకి 20,000 దాకా. ఆ గుడ్ల లోపల ట్రైకోగ్రామా అనే బదనిక, అంటే వేరే పురుగుల గుడ్లను తిని బతికే చిన్న పురుగు, పెరుగుతూ ఉంటుంది. అట్టను ముక్కలు చేసి సాయంత్రం పూట ఆకుల అడుగున స్టేప్లర్‌తో కొట్టాలి. బదనికలు బయటికొచ్చి, పీక పురుగు తల్లి పెట్టిన గుడ్లను వెతుక్కుని, వాటిలో తమ గుడ్లు పెడతాయి. పురుగు పుట్టకముందే పని అయిపోతుంది.

చెప్పడానికి బాగానే ఉంటుంది. ఒక రైతు పది రోజుల తర్వాత ఆఫీసుకొచ్చి ఆ అట్టను నా టేబుల్ మీద పెట్టాడు. "బాబూ, ఇందులో మందూ లేదు, పురుగూ లేదు. ఉత్తట్ట." భూతద్దం ఇచ్చి, గుడ్లకున్న కన్నాలు చూపించాను. చాలాసేపు చూశాడు. "కన్నాలున్నాయి గానీ, అందులోంచి వచ్చినోడేడీ?" అన్నాడు. నేనేం చెప్పను? కాలేజీలో ఒకసారి మైక్రోస్కోపులో చూసిందే నేను కూడా. ఆ తర్వాత లక్షల సంఖ్యలో పంచిపెట్టాను గానీ, ఒక్కదాని మొహమైనా చూసింది లేదు.

బదనిక అనే మాట మీద కూడా నాకో పేచీ ఉంది. మామిడి కొమ్మ మీద పెరిగే బదనిక చెట్టును పీల్చుకుంటుందే గానీ, వెంటనే చంపదు. ఇవి అలా కాదు, ఆశ్రయమిచ్చిన గుడ్డును పూర్తిగా తినేసే బయటికొస్తాయి. పోనీ కందిరీగ జాతివి కదా అని కందిరీగ అందామంటే, వినగానే జనం చేతులు ఊపుతారు. వీటికి మనల్ని కుట్టే సంగతే లేదు. అందుకని రైతుల దగ్గర బదనికతోనే సరిపెట్టుకున్నాం.

ఇక టింకర్‌బెల్లా. మనవరాలు టీవీలో రెక్కల పిల్లను చూస్తూ "తాతా, టింకర్ బెల్ నిజంగా ఉంటుందా?" అంది. ఉందో లేదో చూద్దామని వెతికితే, నా పాత వృత్తికి సంబంధించిన జవాబే దొరికింది. కెనడాకి చెందిన జాన్ హ్యూబర్, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి చెందిన జాన్ నోయెస్ కలిసి 2013లో ఒక కొత్త బదనికను వర్ణించారు. అప్పటిదాకా తెలిసిన ఏ ప్రజాతిలోనూ (దగ్గరి జాతుల గుంపు) ఇమడకపోవడంతో దానికోసం కొత్త ప్రజాతినే కట్టారు. ప్రజాతి పేరు టింకర్‌బెల్లా, జాతి పేరు నానా. 1904 నాటి పీటర్ పాన్ నాటకంలో దేవకన్య టింకర్ బెల్, అందులోని పిల్లల ఇంటి కుక్క పేరు నానా. గ్రీకులో నానోస్ అనే మాటకి మరుగుజ్జు అని అర్థం. ఒక్క పేరుతో రెండు పనులు చేసుకున్నారు. పొడవు పావు మిల్లీమీటరు, అంతకు మించదు. దొరికింది కోస్టారికాలో. లా సెల్వా పరిశోధన కేంద్రంలో, ఒకసారి కొట్టేశాక మళ్లీ పెరిగిన అడవిలో, మొక్కల మీద వల ఊపుతూ పట్టారు.

"ఉంది, కోస్టారికాలో ఉంటుంది" అని చెప్పాను మనవరాలికి. అక్కడే ఇరుక్కున్నాను.

రాజధాని శాన్ హోసే నుంచి లా సెల్వా ఉన్న సారపీకీకి రెండు గంటల లోపు దారి. 32 నంబరు రోడ్డు అడవికొండల్లోంచి దిగుతుంది. వానపడితే దాని మీద కొండచరియలు పడటం అక్కడ మామూలేనట. మేం బయల్దేరిన రోజే మట్టి జారి రోడ్డు మూసేశారు. వారా బ్లాంకా మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సొచ్చింది. ముందున్న కారు ఎర్ర లైట్లు తప్ప ఏమీ కనబడనంత మంచు. మా ఆవిడ కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం అందుకుంది, వెనక సీట్లో మనవరాలికి వాంతులు. ఒక మలుపులో రోడ్డు పక్కనే లా పాజ్ జలపాతం తుంపర అద్దం మీద పడింది. ఆగి చూడమంటే ఎవరూ దిగలేదు. పదివేలు పోసి వచ్చి జలపాతం చూడకుండా వెళ్లడమేమిటని నేనొక్కణ్ణే దిగి, తడిసి ఎక్కాను.

కిందికి దిగాక ఎటు చూసినా అనాసతోటలు, అరటితోటలు. అరటి గెలలకి నీలం ప్లాస్టిక్ సంచులు తొడిగి ఉన్నాయి. లా సెల్వా అంటే స్పానిష్‌లో అడవి అనే. సుమారు 1,600 హెక్టార్లు. హోల్డ్రిడ్జ్ అనే వృక్షశాస్త్రవేత్త సొంత భూమిగా ఉండేది. 1968లో ఉష్ణమండల పరిశోధన సంస్థ ఒకటి కొనుక్కుంది. ఏడాదికి నాలుగు మీటర్ల వాన. అనకాపల్లిలో నాలుగేళ్లలో పడేదంతా అక్కడ ఒక్క ఏడాదిలో పడిపోతుంది. తువ్వాలు మొదటిరోజు ఆరబెట్టినది మూడోరోజు కూడా తడిగానే సూట్‌కేసులో పెట్టుకున్నాం.

నదికి అటూ ఇటూ కలుపుతూ వేలాడే వంతెన. గదుల దగ్గర అడవిపందులు మన ఊరి మేకల్లా తిరుగుతున్నాయి. మనిషిని చూసి పారిపోవు, పక్కకి కూడా జరగవు. అవి వెళ్లిపోయాక కూడా కాసేపు కంపు ఉంటుంది.

భోజనం విషయంలో మా ఆవిడకి బెంగ. పొద్దున్నే గాయో పింతో పెట్టారు, అన్నంలో నల్ల చిక్కుళ్లు కలిపి వేయించినది. ఆవిడ సంచిలోంచి ఆవకాయ సీసా తీసింది. పక్క టేబుల్‌లోని కుర్రాడు చూసి అడిగి వేసుకున్నాడు. చెమటలు కారుతున్నా రెండోసారి కూడా వేసుకున్నాడు.

ఉదయం నడకకి గైడ్‌గా ఒక స్థానిక మహిళ వచ్చింది. ఒక మాను దగ్గర ఆగి, చేత్తో తాకొద్దంది. అంగుళం ఉన్న నల్లచీమ ఒకటి పైకి పాకుతోంది. స్పానిష్‌లో దాన్ని బాలా అంటారట, తూటా అని అర్థం. కుడితే రోజంతా నొప్పి. ఎర్రటి ఒళ్లూ నీలం కాళ్లూ ఉన్న గోరంత కప్ప, ఆకుముక్కలు గొడుగులా పట్టుకెళ్లే చీమల బారు, ఇవన్నీ చూస్తూ మనవరాలు నా పురుగు సంగతి మర్చిపోయింది. నాకదే కావాలి. కానీ దారి మలుపు తిరగ్గానే అడిగింది, "తాతా, టింకర్ బెల్ ఏది?"

గైడ్‌కి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వి, పెద్దచెట్లు అయిపోయి సన్నగా ఏపుగా పెరిగిన చెట్లు మొదలయ్యే చోటికి తీసుకెళ్లింది. అడవి మళ్లీ పెరుగుతున్న చోటు. మోకాలెత్తు తుప్పలు, వెడల్పాటి ఆకులు, నీళ్లు కారుతున్నాయి. నిజంగా ఆ పురుగును పట్టింది ఇక్కడేనని ఎవరూ రాసిపెట్టలేదు, ఇలాంటిచోట అంతే. నేను వంగి ఒక ఆకును తిప్పిచూశాను. పాత అలవాటు, ఏ పొలంలోకి దిగినా ముందు ఆకు అడుగు చూస్తాం. సన్నటి నూగు, ఒక సాలీడు, ఎవరివో నాలుగు గుడ్లు. టింకర్‌బెల్లా ఏ పురుగు గుడ్లలో పెరుగుతుందో దానికి పేరు పెట్టినవాళ్లు కూడా చెప్పలేకపోయారు. ఆ నాలుగు గుడ్లనూ చూస్తూ కాసేపు అలాగే వంగి ఉన్నాను. వల ఊపడానికి పర్మిట్ కావాలి, నా దగ్గర లేదు. ఉన్నా దొరకదనుకోండి.

"కనబడలేదా తాతా?" అంది. "ఇక్కడే ఎక్కడో ఉంది" అన్నాను. ఆ మాట అంటుంటే, అట్ట పట్టుకొచ్చిన రైతు గుర్తొచ్చాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, ఆవకాయ తిన్న కుర్రాడి పక్కన ఒక పరిశోధక విద్యార్థిని కూర్చుంది. నేను ఎందుకొచ్చానో ఆవకాయ కుర్రాడు ఆమెకి చెప్పాడు. ఆ అమ్మాయి పని కూడా చిన్న కందిరీగల మీదేనట. "రండి, చూపిస్తాను" అని ల్యాబ్‌కి తీసుకెళ్లింది. ఆమె వాడేది పసుపు ప్లాస్టిక్ గిన్నెలు. అందులో సబ్బునీళ్లు పోసి నేల మీద పెడుతుంది. పసుపుకి వచ్చి పడతాయి. మనం మిరపతోటలో పెట్టే పసుపు జిగురట్టల లెక్కే ఇదీ.

గాజుపళ్లెంలో స్పిరిట్, అందులో నలక లాంటిదొకటి. తెల్లకాగితం మీద పెడితే గానీ కనబడలేదు. నలక కాదు, అనాగ్రస్ అంది. ఆ పేరు వినగానే ఒక్క నిమిషం నోట మాట రాలేదు. ప్రమోషన్ మీద గోదావరి వైపు వెళ్లాక, దోమపోటు వచ్చిన ప్రతి ఏడూ రైతుల మీటింగుల్లో నేను చెప్పిన పేరది. సుడిదోమ వరి పాయల్లో పెట్టే గుడ్లను ఈ అనాగ్రస్ తినేస్తుంది, మీరు తొందరపడి మందు కొడితే ముందు చచ్చేది ఇదే, ఆ తర్వాత దోమ రెట్టింపై వస్తుంది అని. ఎన్నిసార్లు చెప్పానో! చూడ్డం మాత్రం ఇదే మొదలు, అదీ భూమికి అవతలి వైపు.

కంటి గొట్టంలో చూశాను. నడుమంటూ ఉందా లేదా అనిపించేంత సన్నని ఒళ్లు, దానికన్నా పొడుగ్గా కొమ్ములు. రెక్క అసలు రెక్కలాగే లేదు. గడ్డిపరక లాంటి ఒక పుల్ల, చుట్టూ పొడుగాటి వెంట్రుకల కుచ్చు. ఇంత చిన్న ఒంటికి గాలి మనకున్నంత పల్చగా ఉండదట, ఆ వెంట్రుకలతో తెడ్డు వేసినట్టు ఈదుకుంటూ పోవాలి. అనకాపల్లి వాణ్ణి కదా, పెనంలో తీగపాకానికొచ్చిన బెల్లంలో గరిటె తిప్పడం గుర్తొచ్చింది. టింకర్‌బెల్లా ఇందులో సగం కూడా ఉండదని ఆ అమ్మాయి చెప్పింది. స్పిరిట్‌లోంచి తీసి, కొమ్ములూ రెక్కలూ విరక్కుండా స్లైడు మీద సర్దడానికే ఎన్నో పాడవుతాయట. కొమ్ములో ఎన్ని కణుపులు, పాదంలో ఎన్ని, రెక్క అంచున వెంట్రుకలెంత పొడుగు, ఇవన్నీ లెక్కపెట్టి, ఆ కుటుంబంలో తెలిసిన వంద పైచిలుకు ప్రజాతులతో పోల్చి, ఏదీ సరిపోకపోతేనే కొత్తదనే మాట. ఇంకా చిన్నవి కూడా ఉన్నాయి. కికికి హూనా అని హవాయి పేరు పెట్టినది 158 మైక్రాన్లు, ఎగిరే పురుగుల్లో అంతకన్నా చిన్నది తెలీదు. మిల్లీమీటరులో ఆరో వంతన్నమాట.

మనవరాలు స్టూలెక్కి చూసింది. "రెక్కలేవి తాతా? ఇవి జుట్టు కదా!" అంది. కాసేపాగి, "దీనికి డ్రెస్ లేదు" అంది. విద్యార్థిని నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

మైక్రోస్కోపులోంచి ఫోన్‌తో ఫొటో తీద్దామంటే నా చెయ్యి వణికింది. చివరికి గాజుపళ్లెం ఫొటోనే తీసి, అనకాపల్లిలో నాతోపాటు కార్డులు పంచిన మా ఫీల్డ్ అసిస్టెంటుకి వాట్సాప్ చేశాను. "ఎప్పుడూ చెప్పుకునేవాళ్లం కదా, అనాగ్రస్. ఇవాళ చూశాను" అని రాశాను. అక్కడ అప్పటికి పొద్దున్న అయింది. వెంటనే జవాబొచ్చింది.

"సార్, పళ్లెంలో నలక పడింది. తీసేసి ఇంకో ఫొటో పంపండి."