దారం గోల

పది దాటాక ఊదితే కింది ఇంటావిడ ఊరుకోదు. అందుకే క్లారినెట్ పెట్టెలో పెట్టేసి ఇక్కడ కూచున్నా.

పొద్దుట్నుంచీ ఒకటే చిరాకు, దారం. ఊదితే అదిరే రెల్లు ముక్క, అదే రీడ్, దాన్ని మౌత్‌పీస్‌కి (నోట్లో పెట్టుకునే భాగానికి) బిగించి ఉంచే స్క్రూల పట్టీని లిగేచర్ అంటారు. అది తీసేసి రీడ్‌ని దారంతో కట్టమని మా మాస్టారి పంతం. 1700 ప్రాంతంలో డెన్నర్ అనే వాయిద్యాల తయారీదారు క్లారినెట్ తయారుచేసింది ఈ జర్మనీ ఊరు నురెంబర్గ్‌లోనేనని ఆయనకి మహా గర్వం లెండి. ఆయనది జర్మన్ మౌత్‌పీస్, చుట్టూ సన్నటి గాట్లుంటాయి. దారం వాటిల్లో కూర్చుండిపోతుంది. నాది హైదరాబాద్ నుంచి మోసుకొచ్చిన ఫ్రెంచి రకం, గాజులా నున్నన. రెండో చుట్టు తిప్పేలోపే రీడ్ వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. ఇక కీచు! విప్పు, సర్దు, మళ్ళీ చుట్టు. ఆఖర్న కొస దోపేసరికి బొటనవేలు ఎర్రబడుతుంది. "స్క్రూలది డ్రాయర్లోనే ఉందిగా" అని ఈయన. నాకు తెలీదూ!

లోహపు పట్టీకి స్క్రూలు బిగించే పద్ధతి 19వ శతాబ్దం మొదట్లో ఇవాన్ ముల్లర్ పుణ్యమంటారు. అంతకుముందు అందరిదీ దారమే. 1791లో మొజార్ట్ ఎవరికోసం క్లారినెట్ కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) రాశాడో ఆ స్టాడ్లర్‌దీ దారమే. పాపం, ఆయనకి గత్యంతరం లేదు. నాకేం ఖర్మ?

చుట్టుకుంటూ ఉంటే పెద్దక్క పెళ్ళి గుర్తొచ్చింది. సన్నాయి ఆయన అరుగు మీద కూచుని పీక, అంటే సన్నాయి రీడ్, కట్టుకుంటున్నారు. సన్నాయికి విడి పీకలు, ఓ సూదీ వేలాడుతున్నాయి. దారం ఒక కొస పళ్ళతో పట్టి, రెండో కొస లాగి లాగి చుట్టడం. నేను కొబ్బరిబొండాం పట్టుకుని ఎదురుగా గొంతుక్కూచున్నా. పెళ్ళికొడుకు విడిదిలోంచి బయల్దేరాడని బాబాయి ఒకటే కేకలు. ఆయన తలెత్తకుండానే, "దీనికి తొందర తెలీదు బాబూ" అన్నారు. బాబాయి మొహం చూడాలి అప్పుడు! ఆ తర్వాత ఏం వాయించారో ఒక్క ముక్క గుర్తులేదు గానీ, పీక ఒక్కదాన్నే నోట్లో పెట్టుకుని 'పీ'మని పలికించి చూసుకోవడం మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది.

అలాగని దారం గొప్పదని తేల్చట్లేదు. సన్నాయి పీకలో రెల్లు పొరలు జంటగా ఉంటాయి, దానికి దారం తప్పదు, అది కట్టుకుంటేనే నిలిచేది. క్లారినెట్‌కి ఉన్న ఒక్క రీడూ మౌత్‌పీస్‌కి కదలకుండా అంటిపెట్టుకుంటే చాలు. దారమైతే పట్టు చుట్టూ సమంగా పడుతుందని మాస్టారి వాదన. సరే చూద్దామని రెండు రకాలుగానూ వాయించి, ఈయన్ని పక్క గదిలోంచి వినమన్నా. "మొదటిదే బావుంది" అన్నారు. మొదటిది స్క్రూలది.

కానీ అడుగు స్థాయిలో నాలుగు స్వరాలు దారంతో ఎంత మెత్తగా పలికాయో! నా చెవి మాయే కావచ్చు. అయినా స్క్రూలది మళ్ళీ బిగించబుద్ధి కాలేదు. గాట్లున్న మౌత్‌పీస్ ఒకటి కొంటే ఈ జారుడు గొడవ ఉండదు. జర్మన్‌వాటి రీడ్లు ఇంకాస్త వెడల్పు తక్కువ, నా దగ్గరున్న డబ్బాలన్నీ దండగ. అవీ కొత్తవి కొనాలి. ఈయనకి ఇంకా చెప్పలేదు.