మే నెల, ఏసీ లేని గది, రెండు ప్రాసెసర్లు

“అక్కా, ఈ రెండింటిలో దేనికి ఫ్రేములు ఎక్కువ వస్తాయి?” అని తమ్ముడు ఫోనులో అడిగాడు. వాడు కొనాలని చూస్తున్నది ప్రాసెసర్, ఫ్రేములంటే ఆటలో తెర మీద సెకనుకు మారే బొమ్మలు. “నువ్వు ఆడుకునే గదిలో ఏసీ ఉందా?” అని అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తన ప్రశ్నకూ నా ప్రశ్నకూ సంబంధం ఏమిటా అనుకున్నట్టున్నాడు. విజయవాడలో రెండో అంతస్తులో, పైన రోజంతా కాగే డాబా ఉన్న గదిలో కూర్చుని ఏళ్ల తరబడి కంప్యూటర్ మీద బతుకుతున్న నాకు మాత్రం అవి రెండూ ఒకే ప్రశ్న.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. రాత్రి పది దాటాక, పని కట్టిపెట్టి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో విమానం నడుపుతాను. పనికి ఒక యంత్రం, ఆటకు ఒకటి. పని యంత్రంలో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ7-14700కే, ఆట యంత్రంలో ఉన్నది ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డీ. రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్న మా వాడు తేల్చుకోలేకపోతున్నది సరిగ్గా ఈ రెండింటి మధ్యనే. అందుకని మే నెలలో రెండు వారాల పాటు, నా దగ్గరున్న ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డును ఒకదానిలోంచి తీసి మరొకదానిలో పెడుతూ, గోడ ప్లగ్గు దగ్గర వాట్లు చూపే చిన్న మీటరు తగిలించి, రెండింటినీ గమనించాను. వాడికి విడతలు విడతలుగా చెప్పినదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

కాగితం మీద చూస్తే ఇంటెల్‌దే పైచేయి. 14700కేలో 20 కోర్లు, అంటే విడివిడిగా పని చేసే భాగాలు, ఉన్నాయి. వాటిలో ఎనిమిది బరువు పనికి, పన్నెండు తేలిక పనికి. గరిష్ఠ వేగం 5.6 గిగాహెర్ట్జ్. 7800ఎక్స్3డీలో ఎనిమిదే కోర్లు, 5 గిగాహెర్ట్జ్‌తో సరి. ఇంటెల్ చిప్పు 2023 అక్టోబరులో 409 డాలర్లకు వచ్చింది, ఏఎండీది అదే ఏడాది ఏప్రిల్‌లో 449 డాలర్లకు. తక్కువ కోర్లు, తక్కువ వేగం, ఎక్కువ ధర. అయినా ఆటల్లో ఎక్కువ చోట్ల అదే ముందుంటుంది. దానికి కారణం ఒక్కటే, ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ. ఇంటెల్‌లో అది 33 ఎంబీ, ఈ రైజెన్‌లో 96 ఎంబీ. మామూలుగా ఉండే 32 ఎంబీ మీద మరో 64 ఎంబీ సిలికాన్ పొరను మేడ మీద మేడలా కట్టారు.

అమ్మకు ఇది చెప్పాల్సి వచ్చినప్పుడు పోపుల డబ్బాతో చెప్పాను. పొయ్యి పక్కనే డబ్బా ఉంటే ఆవాలు, జీలకర్ర చెయ్యి చాస్తే అందుతాయి. మెంతులు అటక మీద ఉంటే స్టూలు వేసుకుని ఎక్కాలి, ఈలోగా నూనె మాడుతుంది. క్యాష్ పోపుల డబ్బా, చిప్పు బయట ఉండే పెద్ద మెమరీ ర్యామ్ అటక. వంటమనిషి చేయి ఎంత వేగమైనా అటక ఎక్కి దిగే సమయం తగ్గదు. ఆటలో ప్రతి ఫ్రేముకూ ప్రాసెసర్ వేల చోట్ల నుంచి చిన్న చిన్న సమాచారం ఏరుకోవాలి. ఏ విమానం ఎక్కడుంది, గాలి ఎటు వీస్తోంది, ఏ భవనం కంటికి కనిపిస్తుంది, ఇలా. డబ్బా పెద్దదైతే అటక ఎక్కే పని తగ్గుతుంది. వీడియో ఎడిటింగ్‌లో పని వేరేలా ఉంటుంది. అక్కడ సమాచారం వరుసగా, ప్రవాహంలా వస్తుంది కాబట్టి ఎన్ని చేతులుంటే అంత మేలు.

గన్నవరం నుంచి లేచి, కృష్ణ మీద ఒక చుట్టు తిరిగి, ప్రకాశం బ్యారేజీని ఎడమ రెక్క కింద చూసుకుంటూ వెళ్లడం నాకు ఇష్టమైన దారి. ఆ దారిలో రెండు ప్రాసెసర్లకూ పెద్ద తేడా కనిపించలేదు. ముంబయి లాంటి కిక్కిరిసిన నగరం మీదకు, రద్దీ ఉన్న విమానాశ్రయానికి దిగేటప్పుడు తేడా తెలిసింది. ఇంటెల్ యంత్రంలో సగటు ఫ్రేములు బాగానే ఉన్నా, తల తిప్పి రన్‌వే వైపు చూసిన క్షణంలో తెర ఒక్కసారి తడబడినట్టు ఆగేది. రైజెన్‌లో ఆ తడబాటు చాలావరకు పోయింది. నేలకు యాభై అడుగుల ఎత్తులో విమానం ముక్కు ఎత్తుతున్నప్పుడు అర సెకను ఆగితే ఆ దిగడం చెడిపోయినట్టే. అందుకే సగటు ఫ్రేముల పట్టీని పక్కన పెట్టి, కనిష్ఠ ఫ్రేములు ఎంత వరకు పడిపోతున్నాయో చూడమని తమ్ముడికి గట్టిగా చెప్పాను.

వాడు ఆడే ఆటల సంగతి వేరు. సైబర్‌పంక్ లాంటివాటిలో కాంతి పడే తీరును లెక్కగట్టి చూపే రే ట్రేసింగ్ పెట్టి, 1440పీ తెర మీద ఆడితే రెండు యంత్రాలూ ఒకేలా నడిచాయి. అక్కడ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే. కార్డు అలసిపోయే చోట ప్రాసెసర్ మార్చి లాభం లేదు.

ఇక కరెంటు సంగతి. అందరూ దీన్ని బిల్లుతో కొలుస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడుతున్నప్పుడు, తెరతో కలిపి, రైజెన్ యంత్రం 330 వాట్ల దగ్గర ఉంటే ఇంటెల్ యంత్రం 400 దగ్గర ఉంది. 70 వాట్ల తేడా. రోజుకు రెండు గంటల ఆటకు నెలకు నాలుగు యూనిట్ల పైచిలుకు. కానీ ఊరికే ఉన్నప్పుడు, అంటే పాఠాల వీడియో చూస్తున్నప్పుడు, ఏదో టైపు చేస్తున్నప్పుడు, లెక్క తిరగబడింది. రైజెన్ యంత్రమే 15 వాట్లు ఎక్కువ లాగింది. రైజెన్ చిప్పులో కోర్లున్న ముక్క ఒకటి, ర్యామ్‌తో, మిగతా పరికరాలతో మాట్లాడే ముక్క ఇంకొకటి. ఆ రెండో ముక్క పని లేకపోయినా పూర్తిగా నిద్రపోదు. 14700కే అంతా ఒకే ముక్క కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు పొదుపుగా ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు అలా తేలిక పనుల్లో గడిచే కంప్యూటర్‌కు ఆ 15 వాట్లే నెలకు మూడున్నర యూనిట్లు. అంటే ఇటు పొదుపు చేసింది అటు పోయింది. నెల మొత్తానికి ఒక యూనిట్ కూడా మిగలదు. కరెంటు బిల్లు తగ్గుతుందని ఎవరైనా మా వాడికి 7800ఎక్స్3డీ అమ్మజూపితే ఆ మాట నమ్మవద్దన్నాను.

మరి ఆ 70 వాట్లను ఎందుకు పట్టించుకోవాలి? ప్రాసెసర్ తీసుకున్న ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే తేలుతుంది, వేరే దారి లేదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు వంద వాట్లు. కాబట్టి 70 వాట్లంటే, తలుపు వేసిన గదిలో ఇంచుమించు ఇంకొక మనిషి వచ్చి పక్కన కూర్చున్నట్టు. వీడియో ఎన్‌కోడ్ చేసేటప్పుడు, అంటే ఎడిట్ అయినదాన్ని చివరి ఫైలుగా మార్చేటప్పుడు, 14700కే తన పూర్తి హద్దు 253 వాట్లకు పోతే ఇద్దరు ముగ్గురు వచ్చినట్టు. డిసెంబరులో అది హాయి. మే నెలలో రాత్రి పదకొండుకు కూడా గది 37 డిగ్రీల దగ్గర ఉంటే, ఫ్యాను ఆ వేడినే తిరిగి మొహాన కొడుతుంటే, ఆట మీద ధ్యాస ఉండదు. పైగా గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు మీద కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతాయి. చలిదేశంలో ఏసీ గదిలో 80 డిగ్రీలు చూపిన ప్రాసెసర్ ఇక్కడ 95 చూపితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రైజెన్‌కూ ఒక బలహీనత ఉంది. క్యాష్ పొర కోర్ల నెత్తిన ఉండటం వల్ల వేడి త్వరగా బయటికి రాదు. అందుకే దాని హద్దు 89 డిగ్రీలు. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో ఆ పొరను కోర్ల కిందికి మార్చారు. కానీ 7800ఎక్స్3డీ తీసుకునే కరెంటే తక్కువ కాబట్టి మామూలు గాలి కూలర్‌తో మే నెలంతా నెట్టుకొచ్చాను. 14700కేకు పెద్ద రేడియేటరున్న నీటి కూలర్ కొన్నాను. ఆ తర్వాత బోర్డు మూల సెట్టింగులుండే బయోస్‌లో దాని కరెంటు హద్దును 125 వాట్లకు కట్టేశాను. ఆటల్లో తేడా నాకు కనిపించలేదు. ఎన్‌కోడింగ్ కాస్త ఆలస్యమైంది, గదిలో కూర్చోగలిగాను. 14700కే ఉన్నవాళ్లు ఈ వేసవిలో చేయాల్సిన మొదటి పని ఇదేనని నా గట్టి నమ్మకం.

యూపీఎస్ సంగతి కూడా ఇక్కడిదే. మార్కెట్లో దొరికే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు మోయగలిగేది 360 వాట్లు. 330 దాని లోపల ఉంది, 400 బయట. కరెంటు పోయిన క్షణంలో రైజెన్ యంత్రం నిలబడింది, ఇంటెల్ యంత్రం ఠక్కున ఆగింది. సగం ఎన్‌కోడ్ అయిన ముహూర్తం వీడియో పోయాక పని యంత్రానికి 1 కేవీఏ యూపీఎస్ కొన్నాను. ప్రాసెసర్ ధరలో ఇదీ భాగమే.

ఇంత చెప్పినా నా పనికి 14700కేనే ఉంచుకున్నాను. ఈ రోజుల్లో పెళ్లి కెమెరాలు 4:2:2 10-బిట్ హెచ్‌ఈవీసీ అనే, రంగుల వివరం ఎక్కువగా ఉంచే వీడియో రకంలో తీస్తున్నాయి. ఆ ఫుటేజీని ఇంటెల్ చిప్పులోని గ్రాఫిక్స్ భాగం నేరుగా విప్పగలదు. నా ఆర్‌టీఎక్స్ 4070 విప్పలేదు, రైజెన్‌లోని చిన్న గ్రాఫిక్స్ భాగం కూడా విప్పలేదు. టైమ్‌లైన్ మీద తలంబ్రాల ఘట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఆ తేడా నిమిషంలో తెలుస్తుంది. పేరు చివర ‘కేఎఫ్’ ఉన్న రకంలో ఆ భాగం ఉండదు. రెండు మూడు వేలు తక్కువని ఎడిటర్లు దాన్ని కొనవద్దు.

ఇంటెల్ 13, 14వ తరం చిప్పుల గురించి తమ్ముడు భయపడ్డాడు. భయానికి కారణం ఉంది. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల కొన్ని చిప్పులు క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మైక్రోకోడ్‌కు, అంటే చిప్పును లోపల నడిపే ఆదేశాలకు, సవరణలు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. నేను కొన్న రోజే బయోస్ కొత్తది వేసుకున్నాను, ఇప్పటిదాకా ఇబ్బంది లేదు. ఏఎండీ వైపు కూడా 2023 వసంతంలో కొన్ని ఎక్స్3డీ చిప్పులు కాలిపోయాయి. ఆ తర్వాత చిప్పులో ఒక భాగానికి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులకు మించకుండా కట్టడి చేశారు. ఏది కొన్నా ముందు బయోస్ మార్చుకోవాల్సిందే.

తమ్ముడి దగ్గర ఉన్నది మొత్తం తొంభై వేలు. అప్పుడు రెండు ప్రాసెసర్లూ నలభై వేల చుట్టుపక్కలే ఉన్నాయి. నలభై వేలు ప్రాసెసర్‌కే పోతే గ్రాఫిక్స్ కార్డుకు మిగిలేది ఎంత? అందుకని ఈ రెండూ వద్దని, రైజెన్ 5 7600 కొనుక్కోమని చెప్పాను. ఆరు కోర్లు, 65 వాట్ల రకం, కూలర్ పెట్టెలోనే వస్తుంది. 7800ఎక్స్3డీ కూర్చునేదీ అదే ఏఎం5 సాకెట్ (చిప్పు అమర్చే గూడు) ఉన్న బోర్డులోనే కాబట్టి చదువయ్యాక ఎక్స్3డీ కావాలంటే చిప్పు ఒక్కటే మార్చుకోవచ్చు. ఇంటెల్ పాత సాకెట్‌లో ఆ దారి మూసుకుపోయింది, 2024 అక్టోబరులో వచ్చిన చిప్పులకు కొత్త సాకెట్, కొత్త బోర్డు కావాలి. పాత తరం డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం అది పనిచేసే బోర్డు దొరుకుతుంది కాబట్టి ఇంటెల్ పాత సాకెట్ తీసుకోవడంలో ఇప్పటికీ అర్థం ఉంది. మా వాడి దగ్గర అదీ లేదు.

ఆ చిప్పుతో కట్టిన కంప్యూటర్‌కు మొదటిసారి స్విచ్ వేసినప్పుడు తమ్ముడు ఏడుపు గొంతుతో ఫోను చేశాడు. “తెర నల్లగానే ఉంది అక్కా, పాడైపోయిందేమో.” డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు మొదటిసారి పరీక్షించుకుంటుంది, కొన్ని నిమిషాలు పడుతుంది, ప్లగ్గు పీకవద్దు, వెళ్లి టీ తాగి రమ్మన్నాను. టీ తాగి వచ్చేసరికి తెర వెలిగింది.

మొన్న ఆదివారం రాత్రి గన్నవరంలో లేచి వాడి ఊరికి బయలుదేరాను. వాడు ఫోనులో ఉన్నాడు. కొల్లేరు దాటి, కొవ్వూరు మీదుగా గోదావరి వంతెనలు కనిపించాక, మధురపూడి రన్‌వే దీపాలు వరుసకు వచ్చాయి. అప్పుడే కరెంటు పోయింది. నెత్తిన ఫ్యాను నెమ్మదించి ఆగింది. యూపీఎస్ కూతపెట్టడం మొదలుపెట్టింది. “పోయిందా అక్కా?” అన్నాడు వాడు. “ఉండు, ఇంకా రెండు వందల అడుగులు ఉంది” అన్నాను.