వల తగలబడిన సాయంత్రం

సంక్రాంతి సెలవులకి మా అక్క కూతురు వచ్చి వారం రోజులుంది. ఏడో తరగతి. మధ్యాహ్నం అన్నాలయ్యాక టాబ్ పట్టుకుని నా పక్కన చేరేది. "పిన్నీ, ఇది చూడకపోతే నువ్వు ఏమీ చూడనట్టే" అంటూ పెట్టింది ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’. నీలం మనుషుల సినిమా కాదు. 2005 నుంచి 2008 వరకు నికలోడియన్‌లో వచ్చిన బొమ్మల సీరియల్, మొత్తం 61 భాగాలు. పిల్ల కోసం కూర్చున్నదాన్ని, రెండో రోజుకల్లా నేనే "తర్వాతది పెట్టవే" అంటున్నాను.

ఆ కథలో కొందరు మనుషులు నిప్పునో నీటినో తమ చేతుల్లో ఆడించగలరు. నిప్పు దేశం నూరేళ్లుగా మిగతా దేశాల మీద యుద్ధం చేస్తుంటుంది. రాజు ఓజాయ్. ఆయన కూతురు ఆజూలాకి 14 ఏళ్లు. నీలం మంట పుట్టిస్తుంది, రెండు వేళ్లు చాపి పిడుగు వదులుతుంది. అన్న జూకోని పట్టుకు రమ్మని తండ్రి పంపితే, సాయానికి చిన్ననాటి స్నేహితురాళ్లను వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఒకమ్మాయి మే, ఇంకో అమ్మాయి టై లీ.

టై లీ సర్కస్‌లో ఉంటుంది. ఆజూలా వెళ్లి నాతో రమ్మంటుంది. రావాలనే ఉంది కానీ ఇక్కడ నిజంగా హాయిగా ఉన్నాను అంటుంది టై లీ. ఆజూలా కోప్పడదు. నా కోసం నీకిష్టమైన బతుకు వదులుకోవడమెందుకులే అని నవ్వుతుంది. వెళ్లే ముందు నీ ఆట చూసి వెళ్తానంటుంది. టై లీ మొహంలో మొదటిసారి రంగు మారేది అప్పుడే.

సాయంత్రం ఆట మొదలవుతుంది. టై లీ అంత ఎత్తున తలకిందులుగా చేతుల మీద నిలబడి ఉంటుంది. కింద కూర్చున్న రాకుమారి సర్కస్ యజమానిని అడుగుతుంది, ఈ వల తీసేస్తే ఇంకా బాగుంటుంది కదా అని. కాసేపటికి వల మంటల్లో ఉంటుంది. తర్వాత మృగాలనీ వదలమంటుంది. ఆట అయ్యాక పూలు పట్టుకుని వచ్చిన పరిచయస్తురాలిలా లోపలికొచ్చి, ఎంత బాగా చేశావో, రేపు ఇంతకన్నా బాగా ఎలా చేస్తావో చూడాలనుంది అంటుంది. రేపు ఆట ఉండదు, వేరే పని చూసుకోమని ఈ లోకమే నాకు చెబుతోంది, నీతో వస్తాను అంటుంది టై లీ.

మా పిల్ల అంది: "చూశావా పిన్నీ, తనే వెళ్లింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు."

టాబ్ ఆపమన్నాను. ఎందుకంటే సరిగ్గా అదే మాట 2003లో హాస్టల్ కాయిన్ బాక్స్ దగ్గర నిలబడి మా అమ్మతో నేనన్నాను. "నేనే మారానమ్మా. ఎవరూ చెప్పలేదు."

విజయవాడలో ఇంటర్ బైపీసీ, రెసిడెన్షియల్ కాలేజీ. మొదటి ఆర్నెల్లు మా ఊరమ్మాయితో ఒక గదిలో ఉన్నాను. తన దగ్గర చిన్న ఎఫ్ఎమ్ రేడియో ఉండేది. నైట్ స్టడీ అవర్ అయ్యాక దుప్పట్లో చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్లం. మా సెక్షన్లో ఒకమ్మాయి ఉండేది, పేరు ఇక్కడ రాయను. ప్రతి వీక్లీ టెస్టులో ఫస్ట్. తన గదిలో మంచం ఒకటి ఖాళీ అయితే నన్ను రమ్మంది. ఇక్కడ బాగానే ఉంది కదా అన్నాను. "అయ్యో, నీ ఇష్టమే" అని నా బుగ్గ గిల్లి వెళ్లింది. నాలుగు రోజుల తర్వాత వార్డెన్ మేడమ్ నేరుగా మా గదికి వచ్చి, నేరుగా ఆ పరుపు ఎత్తి రేడియో తీసుకెళ్లిపోయారు. ఆ రేడియో సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదని మా ఊరమ్మాయి నమ్మకం. నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడని మనిషి పక్కన పన్నెండు రోజులు పడుకున్నాక, గది మార్చమని కాగితం రాసి వార్డెన్ టేబుల్ మీద పెట్టింది నేనే. చెప్పింది ఎవరో ఏడాది తర్వాత తెలిసింది.

అందుకే ఆ సర్కస్ సీను నాకు మిగతా 60 భాగాలతో సమానం. బెదిరింపు అనడానికి అందులో ఒక్క మాట లేదు. ఎవరికైనా చెప్పుకుందామన్నా ఏమని చెప్పుకోవాలి? నన్ను మెచ్చుకుంది, పూర్తిగా నీ ఇష్టమంది. వల కాలడం మాత్రమే నిజం. చివరికి వస్తాను అనే మాట ఆమె నోటితోనే, నవ్వుతూ, ఒక కారణం కూడా తగిలించి వస్తుంది. ఆజూలా పిడుగు కంటే నన్ను భయపెట్టింది ఇది. ఎదుటివాళ్ల ‘వద్దు’ని వాళ్ల చేతే ‘నేనే వస్తాను’గా మార్పించడం.

మనకి ఈ విషయంలో మాటలు కూడా చిక్కులు పెడతాయి. బడిలో సెలవు చీటీ రాసేటప్పుడు చివర ఏమని రాసేవాళ్లం? ఇట్లు, తమ విధేయ విద్యార్థిని. చెప్పినట్టు వినడమూ విధేయతే, మనసారా ఒకరి పక్షాన నిలబడటమూ విధేయతే. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో ఆ మాటలో కనపడదు. జూకో కథంతా ఆ దూరంలోనే నడుస్తుంది. 13 ఏళ్లప్పుడు యుద్ధ సభలో కొత్త సైనికులను బలిపెట్టే ఎత్తుగడ తప్పని అన్నందుకు తండ్రి అతన్ని ద్వంద్వయుద్ధానికి నిలబెడతాడు. పిల్లాడు మోకాళ్ల మీద పడి, నేను మీ విధేయుడైన కొడుకుని అని ఏడుస్తాడు. ఆ మాట అన్న మొహాన్నే తండ్రి కాలుస్తాడు. ఆ తర్వాత మూడేళ్లు ఆ పిల్లాడు వెతికేది ఆ తండ్రి మెప్పునే. కాలిన మచ్చ కంటి చుట్టూ ఉంటుంది, అయినా చూపు మాత్రం తండ్రి వైపే.

జూకో చివరికి తండ్రి ఎదుట నిలబడి, పిల్లాడితో ద్వంద్వయుద్ధం చేశావు, అది క్రూరం, అది తప్పు అంటాడు. అని వెళ్లిపోయి శత్రువుల్లో చేరతాడు. మా అమ్మ ఆ ముక్క చూసి, "ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా" అంది. ఆవిడతో నేను గట్టిగా వాదించాను. ఆ సామెతలో తప్పంతా బయటికి నడిచినవాడి నెత్తిన ఉంది. విభీషణుడు వెళ్లకముందు నిండు సభలో ఎన్నిసార్లు చెప్పి చూశాడో, ఏమని తిట్లు తిన్నాడో ఆ సామెత చెప్పదు. వద్దు అనడానికి ఇంట్లో చోటు లేకపోతే గడప దాటడమే మిగులుతుంది.

ఇక టై లీ దగ్గరికి మళ్లీ వస్తాను, ఆమెను వదలబుద్ధి కావడం లేదు. ఆమె విద్య ఏమిటంటే, ఒంటి మీద మర్మస్థానాల్లో వేళ్లతో పొడిస్తే ఎదుటి మనిషి చేతులు కాళ్లు చచ్చుబడతాయి, మంట పుట్టదు, నీరు కదలదు. అంటే ఆ ముగ్గురిలో ఆజూలాని ఒక్క క్షణంలో నేల కూల్చగలిగింది మొదటి రోజు నుంచీ టై లీనే. వల కాలుతున్న సాయంత్రం కూడా ఆ వేళ్లు ఆమె దగ్గరే ఉన్నాయి. నాలాంటివాళ్లని జనం అడుగుతారు, "నువ్వేం తక్కువ దానివి, ఎందుకు పడ్డావు?" అని. బలం లేక పడలేదు. ఎదురు తిరగడం అనే ఆలోచనే ఆ గదిలోకి రానివ్వరు. పొగుడుతుంటారు, నువ్వు లేకపోతే నాకెవరున్నారు అంటుంటారు. మర్నాడు అందరి ముందు ఒక్క మాటతో కోసి, ఆ వెంటనే మళ్లీ దగ్గరికి తీసుకుంటారు. సముద్రతీరం భాగంలో ఆజూలా అలాగే టై లీని ఏడిపించి, తర్వాత క్షమించమంటుంది. ఆ క్షమాపణ నిజమే అని నా నమ్మకం. అది నిజం కాబట్టే ఇంకా కష్టం.

అదే రాత్రి మంట చుట్టూ కూర్చుని, తనలాగే అచ్చు గుద్దినట్టుండే ఆరుగురు అక్కచెల్లెళ్ల మధ్య తనకంటూ ఒక పేరు కూడా లేనట్టుండేదని, అందుకే సర్కస్‌కి పారిపోయానని టై లీ చెప్తుంది. అంటే ఆజూలా కాల్చింది వల ఒక్కటే కాదు. ఆ పిల్ల తనకంటూ కట్టుకున్న ఒకే ఒక్క చోటు.

మరుగుతున్న సరస్సు నడుమ జైలు. జూకో వాళ్లు వేలాడే పెట్టెలో ఆ సరస్సు మీదుగా తప్పించుకుంటుంటే తీగ తెంపమంటారు. జైలు అధికారి సొంత మేనకోడలు మే. కానీ ఆమే కత్తులు విసిరి కాపలావాళ్లను ఆపి వాళ్లను దాటిస్తుంది. ఏమవుతుందో తెలిసీ ఎందుకు చేశావని ఆజూలా అడుగుతుంది. మనుషుల్ని నువ్వనుకున్నంత బాగా ఎరగవు, నీ లెక్క తప్పింది, నువ్వంటే ఉన్న భయం కంటే జూకో మీద నాకున్న ప్రేమ ఎక్కువ అంటుంది మే. నా లెక్క కాదు తప్పింది నీ లెక్క, నువ్వు నాకు ఇంకా భయపడి ఉండాల్సింది అని అరుస్తుంది ఆజూలా.

అందరూ మే మాటనే తలుచుకుంటారు. మంచి మాటే. కానీ మేకి ఆ పెట్టెలో వెళ్లిపోతున్న మనిషి ఉన్నాడు. టై లీకి ఎవరూ లేరు. ఆజూలా మే మీదికి దాడి చేయబోయే అరక్షణంలో, పక్కనే నిలబడి భయంతో ఇద్దరినీ చూస్తున్న ఆ నవ్వుల పిల్ల గబగబా వేళ్లతో పొడుస్తుంది. ఆజూలా కట్టెలా పడిపోతుంది. టై లీ మొహంలో గెలుపు లేదు, తను చేసిన పని చూసి తనే బిత్తరపోతుంది. నేను ఆ ముక్క మూడుసార్లు వెనక్కి జరిపి చూశాను. మా పిల్ల నా వంక వింతగా చూసింది.

తర్వాత జైల్లో టై లీ క్యోషి దీవి యోధురాళ్ల దళంలో చేరుతుంది. అందరిదీ ఒకే వేషం, ఒకే ముఖాలంకరణ. మళ్లీ అందరిలో ఒకతిగా కలిసిపోయిందేమిటని కొందరు విసుక్కుంటారు. నాకు అలా అనిపించలేదు. ఈసారి కింద ఎవరూ ఏదీ కాల్చలేదు.

కానీ నాలుగు రోజులుగా నా మనసులో తిరుగుతున్నది టై లీ కాదు, ఆజూలా. ఆ కథలో అందరికంటే గుడ్డి భక్తురాలు ఆమే. ఒమాషు నగరానికి ఆమె పెట్టిన కొత్త పేరు ఏమిటి? కొత్త ఓజాయ్. తండ్రి పేరు. అన్నని ఆ తండ్రి కాలుస్తున్నప్పుడు ఆమె గుంపులో నిలబడి నవ్వుతూ చూసింది. పెదనాన్న ఐరో మొహం తిప్పుకున్నాడు, ఆమె తిప్పుకోలేదు. అప్పటికి 11 ఏళ్లు. ఆ నవ్వు చూసి పుట్టుకతోనే చెడ్డదనేస్తాం. కాదన్నవాళ్లకి ఈ ఇంట్లో ఏమవుతుందో ఒక పిల్ల ఆ రోజు నేర్చుకుంది, ఎటువైపు నిలబడాలో కూడా నేర్చుకుంది. మొదటి రెండు పుస్తకాల్లో (ఈ సీరియల్లో సీజన్‌ని పుస్తకం అంటారు) ఓజాయ్ మొహం మనకి సరిగ్గా చూపించరు, నీడలోనే ఉంటుంది. ఆమె కొలిచే దేవుడూ అంతే.

ఓజాయ్‌కి గొంతు ఇచ్చింది మార్క్ హామిల్. 1992లో మొదలైన బ్యాట్‌మ్యాన్ బొమ్మల సీరియల్లో విలన్ జోకర్ గొంతూ ఆయనదే. ఆ జోకర్ కోసం మానసిక వైద్యురాలి కొలువు వదిలేసి కోడంగి వేషం కట్టిన హార్లీ క్విన్‌ని చూస్తే ఎవరైనా అయ్యో అంటారు, ఆమె దెబ్బలు కంటికి కనపడతాయి. ఆజూలాని చూసి అయ్యో అనరు, ఎందుకంటే ఆమె గెలుస్తోంది. ఫస్ట్ ర్యాంకు పిల్లలకి ఏదో బాధ ఉందని ఎవరనుకుంటారు?

చివరి భాగాల్లో తండ్రి ఆమెను వదిలేసి యుద్ధానికి పోబోతుంటే, మొదటిసారి ఆమె గొంతు పలుచబడుతుంది. నన్ను ఇలా చూడకూడదు, నన్ను జూకోని చూసినట్టు చూడకూడదు. అన్నేళ్ల భయం ఆ ఒక్క మాటలో ఉంది. పట్టాభిషేకం నాడు పండులో గింజ వచ్చిందని దాసిని వెళ్లగొడుతుంది, కాపలావాళ్లని వెళ్లగొడుతుంది, జుట్టు కోసుకుంటుంది. అద్దంలో కనపడిన తల్లితో, నమ్మకం మూర్ఖులకి, భయమొక్కటే నమ్మదగిన దారి అంటుంది. నువ్వంటే నాకు ప్రేమ అని తల్లి అనగానే దువ్వెన విసిరి అద్దం పగలగొడుతుంది.

మా హాస్టల్ ఫస్ట్ ర్యాంకు అమ్మాయి వాళ్ల నాన్న ప్రతి ఆదివారం స్కూటర్ మీద వచ్చేవారు. మిగతా తండ్రులు "తిన్నావా" అనేవారు. ఆయన "ఎంత?" అనేవారు. తను చేతులు వెనక్కి కట్టుకుని మార్కులు చెప్పేది. ఒక్క వారం మూడో ర్యాంకు వచ్చింది. ఆయన టిఫిన్ క్యారియర్ హ్యాండిల్‌కి తగిలించుకుని, అలాగే తిప్పుకుని వెళ్లిపోయారు. తను గదికొచ్చి మా ముగ్గురి చేత పక్కలు తీయించి మళ్లీ వేయించింది, దుప్పటి అంచు వంకరగా ఉందని. నాకు అప్పుడు కోపమే వచ్చింది.

గొలుసులతో కట్టేసిన ఆజూలా నోట్లోంచి మంట కక్కుతూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే మా పిల్ల అడిగింది: "పిన్నీ, ఇప్పుడు తన దగ్గర ఎవరున్నారు?"

ఎవరూ లేరన్నాను.

ఆ రాత్రి మా పాత ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తన నంబర్ వెతికాను. డీపీలో తెల్లకోటు వేసుకుని ఉంది. పక్కన వాళ్ల నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నారు, బాగా పెద్దవారైపోయారు. తను నిలబడి ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని.