రాయగడలో లైనక్స్ లాప్‌టాప్‌లు

మాది పార్వతీపురం. పని మాత్రం రాయగడలో, కంప్యూటర్ రిపేరు షాపు. రైలెక్కితే ఇంటికి దగ్గరే, అయినా రాష్ట్రం వేరు. బోర్డులు, ఆఫీసు కాగితాలు అన్నీ ఒడియాలోనే. షాపుకొచ్చేవాళ్లలో చాలామంది మాత్రం తెలుగే మాట్లాడతారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది మరి.

కొత్త లాప్‌టాప్ పట్టుకొచ్చి, "అన్నా, ఇందులో ఉబుంటు ఉంది, తీసేసి విండోస్ వెయ్యవా" అని అడిగే కుర్రాళ్లు ఎక్కువ. లైనక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేరు, కాకపోతే ఉచితం; ఉబుంటు అందులో ఒక రకం. వాళ్లడిగేది లైసెన్సు లేని విండోసే. అయినా తప్పు వాళ్లది అనను. విండోస్ లైసెన్సు ఖర్చు తగ్గించుకోడానికి కంపెనీలవాళ్లు లైనక్స్ వేసి అమ్మేస్తారు. రేపు వైఫై పట్టకపోతే ఎవరినడగాలో కొన్నవాడికి చెప్పే దిక్కుండదు.

అమెరికాలోని డెన్వర్‌లో సిస్టమ్76 అనే కంపెనీ ఉంది. 2005లో పెట్టారు. పేరులోని 76 అంటే 1776, ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఏడాది. వాళ్ల లాప్‌టాప్‌లు లైనక్స్‌తోనే వస్తాయి. మొదట్లో ఉబుంటు, 2017 నుంచి సొంతంగా తయారుచేసుకున్న పాప్ ఓఎస్ అనే లైనక్స్ కూడా. 2019లో, మెషీన్ ఆన్ చెయ్యగానే ముందుగా నడిచే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్‌ని సైతం, కోర్‌బూట్ అనే ప్రాజెక్టు ఆధారంగా, ఎవరైనా కోడ్ చూసుకునేలా ఓపెన్‌గా ఇవ్వడం మొదలెట్టారు. ఆ ధరలు మనకందవు. కానీ అమ్మిన మెషీన్‌లో ఆ సిస్టమ్ సరిగ్గా నడిచే పూచీ తామే తీసుకుంటారే, అది నాకు గొప్పగా అనిపిస్తుంది.

నా షాపులోనూ ఆ పద్ధతే పెట్టుకున్నాను. ఆఫీసుల్లో తీసేసిన లాప్‌టాప్‌లు కొని, ఫైళ్లు దాచే డిస్కు తీసి వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసి, లైనక్స్ వేస్తాను. వైఫై, కెమెరా, సౌండ్ చూస్తాను. మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా అన్నది మరీ జాగ్రత్తగా చూస్తాను, ఎక్కువ పేచీ అక్కడే. తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ పెట్టి ఇస్తాను.

పేపరు మిల్లులో రిటైరైన పెద్దాయన ఒకరు కూతురికి తెలుగులో ఉత్తరాలు, ఆఫీసులకి ఒడియాలో అర్జీలు టైపు చేసుకుంటారు. 'కె' మీట నొక్కితే తెలుగు క పడుతుంది. విండోస్ గుర్తున్న మీట, స్పేస్ బార్ కలిపి నొక్కి మళ్లీ అదే 'కె' కొడితే ఒడియా క. ఇన్‌స్క్రిప్ట్ అనే ఈ కీబోర్డు అమరిక మన లిపులకు ఉమ్మడిది కాబట్టి వేళ్లకు కొత్తగా నేర్పే పని లేదు. "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం బాబూ" అన్నారాయన.

లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేరు కావాలనే కిరాణా షావుకార్లకు మాత్రం లైనక్స్ అంటగట్టను. అది విండోస్ కోసం చేసింది, లైసెన్సు కొనుక్కోమనే చెబుతాను. కాలేజీ పిల్లలకు మాత్రం గట్టిగా చెప్పి ఇస్తాను: ఏది ఆగినా పట్టుకొచ్చెయ్యండి, ఆర్నెల్ల దాకా సాఫ్ట్‌వేర్ పనికి డబ్బులు తీసుకోను.