ఇంద్రధనుష్ తరువాయి భాగం

సంచికకి ఏదో ఒకటి రాసిమ్మని కమిటీ వాళ్ళు ఫోన్ మీద ఫోన్. వార్షికోత్సవం నాటకం సంగతీ, గోడ దూకిన సంగతీ ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. నాకు మాత్రం మన స్కూలంటే 1989, ఎనిమిదో తరగతి, దూరదర్శన్‌లో ఇంద్రధనుష్, మన సైన్సు మాస్టారు.

ఆనంద్ మహేంద్రూ తీసిన ఆ సీరియల్లో పిల్లలు కంప్యూటర్ బిగించుకుంటే అది టైమ్ మెషీన్ అయింది. 1942కి వెళ్ళొచ్చారు. అందులో శ్రీకాంత్ వేషం వేసిన కుర్రాడే ఇవాళ్టి దర్శకుడు కరణ్ జోహార్! హిందీ సగమే అర్థమయ్యేది, మిగతా సగం మూడో బెంచీ వాళ్ళు కల్పించి చెప్పేవాళ్ళు. మనం అలవాటు పడేలోపే అయిపోయింది.

క్లాసంతా దిగాలుగా ఉంటే మాస్టారు పాఠం పక్కన పెట్టారు. సీరియల్లో ఆండ్రోమెడా అనే నక్షత్రమండలం నుంచి వచ్చిన రాకుమారుడు ఎంత దూరం ప్రయాణం చేసుంటాడో చూద్దాం, వరండాలోకి రండన్నారు. వెలుగు ఒక నిమిషంలో పోయే దూరం ఒక అడుగు అనుకోమన్నారు. పొడుగోడైతే గేటు దాటేస్తాడని బుడ్డోణ్ణి నడిపించారు. ఎనిమిది అడుగులు, ఇంకొంచెం. సూర్యుడి నుంచి భూమికొచ్చేశాడు. ఆండ్రోమెడాకి? వెలుగుకే 25 లక్షల ఏళ్ళు. లోపలికొచ్చి గుణించాం. సున్నాలు బోర్డు చివరికి పోతే కింద వరస మొదలెట్టారాయన, చొక్కా చేతులనిండా సుద్దపొడి. 1,31,400 కోట్ల అడుగులు! ఎవ్వరూ నోరు మెదపలేదు.

"ఇప్పుడు తరువాయి భాగం మీరు రాయండి" అన్నారు. రాశాం. మార్కులు వేయలేదు, ఒక్కోటీ పైకి చదివించారు.

ఆ తర్వాత స్పేస్ సిటీ సిగ్మా సీరియల్లో కెప్టెన్ తారనీ, 1998లో మిలింద్ సోమన్ వేసిన కెప్టెన్ వ్యోమ్‌నీ ఇష్టంగానే చూశాను. వాటికి మాస్టారు లేరు.

ఇప్పుడు నా ఉద్యోగం ఉపగ్రహాల సిగ్నళ్ళతోనే. 36 వేల కిలోమీటర్ల పైకి పోయి కిందికి రావడానికి సిగ్నల్‌కి పావు సెకను పడుతుంది. కొత్తగా చేరిన పిల్లలకి ఆ ఆలస్యం చెప్పాల్సివస్తే గదిలో అడుగులు వేయిస్తాను. వెంటనే పట్టుకుంటారు.

మాస్టారి తరువాయి భాగం కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే కలిసినప్పుడు తీసుకురండి. బుడ్డోడి కథలో రాకుమారుడు ఇల్లు చేరాడో లేదో నాకు గుర్తు రావడం లేదు.