డబ్బు కడితే వంశచరిత్ర

మా పర్లాకిమిడిలో పెళ్లి మాటలంటే గోత్రం, ఇంటిపేరు, తాతలు ఏ ఊరివాళ్లో అన్నీ బయటికొస్తాయి. మొన్న అలాంటి మాటల్లోనే బరంపురం మావయ్య ఒక పుస్తకం చూపించాడు. ఇంటిపేరు చెప్పి డబ్బు కడితే పంపారట. గట్టి అట్ట, బంగారు అక్షరాలు. లోపల మా తాత పేరే లేదు. చివర్లో ఖాళీ పేజీలు, మనమే రాసుకోవాలి!

ఈ బేరం పాతదే. లండన్‌లో జాన్ డెబ్రెట్ 1802లో ప్రభువంశాల పుస్తకం వేశాడు. 1826లో జాన్ బర్క్ ఆ కుటుంబాలను అక్షరక్రమంలో పేర్చాడు. తర్వాత బిరుదుల్లేని భూస్వాముల్నీ వదల్లేదు. కొనేవాళ్లు వాళ్లే కదా. వివరాలు చాలావరకు ఆ ఇళ్ల నుంచే వచ్చేవి, కట్టుకథలతో సహా. 1877లో చరిత్రకారుడు ఎడ్వర్డ్ ఫ్రీమన్ వాటిని ఉతికి ఆరేశాడు. అమెరికాలో 1870, 80లలో జిల్లా చరిత్రల్ని ముందస్తు చందాలతో అమ్మారు. బొమ్మ పడాలంటే రేటు వేరు. భలే తెలివి!

1936లో ఒడిశాలో కలిసేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అప్పటి తెలుగు దస్తావేజులు కొన్ని అటక మీద ఉన్నాయి. మావయ్య వచ్చే ఆదివారం నిచ్చెన పట్టుకుంటానన్నాడు.