రొహొ అంటే రా కాదు

మన స్కూలు పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు ఫోన్ చేస్తే, మాస్టార్ల గురించి రాస్తానన్నాను. "మాస్టార్ల మీద ఇప్పటికే బోలెడొచ్చాయి, నువ్వు ఇంకోటేదైనా చూసుకో" అన్నారు. సరే, క్రికెట్ రాస్తాను. అయినా ఒక మాస్టారు మధ్యలో దూరకుండా ఉండరు. మా డ్రిల్లు మాస్టారు లేకపోతే చెప్పడానికి కథే లేదు.

మామూలుగా సంక్రాంతికి ఒడిశా సరిహద్దులోని మన ఊరు పర్లాకిమిడి వస్తే కనుమ మర్నాడే రైలెక్కేస్తాను. ఈసారి తొమ్మిది రోజులుండిపోయాను. ఇంట్లో వాళ్ళు అమ్మకి ఒంట్లో బాగోలేదేమో, అందుకే ఉన్నానని అనుకున్నారు. అమ్మ నిక్షేపంలా ఉంది. నేను ఉన్నది మన స్కూలు పిల్లల మ్యాచ్‌ల కోసం. ఊళ్ళో క్లబ్బు గ్రౌండులో పదహారేళ్ళలోపు వాళ్ళకి టోర్నమెంటు పెట్టారు. ఇరవై ఓవర్ల ఆట. మనవాళ్ళు మూడు మ్యాచ్‌లు ఆడారు, మూడూ చూశాను. ఒకటి ఓడారు, రెండు నెగ్గారు.

ఓడినదాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కాశీనగర్ పిల్లలు మంచులో ముందు బౌలింగ్ తీసుకుని మనవాళ్ళని 74కి చుట్టేశారు. పదిన్నరకల్లా అయిపోయింది. పిల్లల మొహాలు చూడలేక నేను టీ కొట్టుకి వెళ్ళిపోయాను.

గ్రౌండు పెద్దగా మారలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మనం పెవిలియన్ అని పిలుచుకున్న నిద్రగన్నేరు చెట్టు పడిపోయింది, ఆ చోట ఇప్పుడు సిమెంటు బెంచీలున్నాయి. నీడ మాత్రం లేదు. స్కోరుబోర్డు మనప్పటిదే. రేకు మీద నంబర్లు రాసి మేకులకి తగిలించేవాళ్ళం, గుర్తుందా? తొమ్మిది నంబరు రేకు పోతే ఆరుని తిరగేసి పెట్టేవాళ్ళం. రెండూ ఒకేసారి కావలసి వస్తే సున్నా తగిలించి పక్కన ఒకడిని నిలబెట్టి అరిపించేవాళ్ళం. ఈసారి చూశాను, తొమ్మిది కొత్తగా చేయించారు. ఇప్పుడు నాలుగు పోయింది.

పిచ్ కూడా అదే, నారమ్యాటు పరిచినది. పొద్దున్నే ఆరుగురు పిల్లలు దాన్ని దొర్లించుకుంటూ తెచ్చి, చెరోవైపూ పట్టుకుని లాగి, అంచుల్లో మేకులు రాయితో కొడుతుంటే నా చేతులు ఊరుకోలేదు. వెళ్ళి ఒక కొస పట్టుకున్నాను. "అంకుల్, మీరు వదిలేయండి, మడత పడుతోంది" అన్నాడొకడు. వదిలేశాను. ఆ మ్యాటు రెండు ముక్కలు కలిపి పురికోసతో కుట్టినది. ఆ కుట్టు ఒకవైపు బ్యాట్స్‌మన్‌కి సరిగ్గా నాలుగైదు అడుగుల ముందు పడుతుంది. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు మనప్పటి సంగతి. నాది 1998 పదో తరగతి బ్యాచి. మన టీములో సగం మంది తెలుగువాళ్ళం, సగం ఒడియావాళ్ళు, ఒక్కడు మాత్రం కొండ మీది నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర కుర్రాడు. గ్రౌండులో ఎవడికి ఏ మాట నోటికొస్తే అది అరిచేవాడు. క్యాచ్ లేస్తే "ధొరొ! ధొరొ!" అని అరుపులు. పాతపట్నం నుంచి కొత్తగా చేరిన ఒకడు, తనని అందరూ దొరా అని మర్యాదగా పిలుస్తున్నారనుకుని, వాళ్ళవైపు తిరిగి నవ్వుతూ నిలబడ్డాడు. బంతి వీపు మీద పడింది. ధొరొ అంటే పట్టుకో అని వాడికి అప్పుడు తెలిసింది.

క్యాచ్‌ల దగ్గర సర్దుకుపోవచ్చు. పరుగుల దగ్గర కుదరదు. వాళ్ళ "చాలొ" అంటే పద, నడు అని. మన "చాలు" అంటే ఇంక వద్దని. రెండో పరుగుకి వాడు చాలొ అనడం, మనవాడు చాలు అని విని బ్యాటు ఆనించి ఊపిరి పీల్చుకోవడం, ఆ తర్వాత ఇద్దరూ ఒకే కొసన కలుసుకుని ఒకరినొకరు చూసుకోవడం. ఇలా పోయిన వికెట్లు ఎన్నో లెక్కలేదు. ఆంధ్రా ఒరిస్సా కలిసి బ్యాటింగ్ చేస్తే ఇంతే అని పక్క టీములవాళ్ళు నవ్వేవాళ్ళు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వచ్చినప్పుడు మన ఊరు అటు వెళ్ళింది, మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం ఇటు ఉండిపోయింది. ఆ గీత గ్రౌండులో మాత్రం పిచ్ మధ్యలోంచి పోయేది.

మాటల్లో వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఆ ఏళ్ళలో మనకి పెద్ద తగువు మహంతి, అజరుద్దీన్‌ల దగ్గర. 1997లో ఒరిస్సా బౌలరు దేబాశీష్ మహంతి టొరంటోలో పాకిస్తాన్ మీద బౌలింగ్ చేసిన దగ్గర్నుంచి ఒడియా పిల్లలందరూ ఛాతీ ఎదురుగా పెట్టి వేయడం మొదలెట్టారు. మేమేమో అజర్‌లా కాలరెత్తుకుని మణికట్టు తిప్పేవాళ్ళం. 1998 ఏప్రిల్ 9న కటక్ బారాబతిలో జింబాబ్వే మీద అజర్ 153 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు, అజయ్ జడేజాతో కలిసి 275 పరుగులు. ఆ సాయంత్రం తగువు లేదు. మనిషి మా హైదరాబాదువాడని మేము, గ్రౌండు మాదని వాళ్ళు. అందరం కలిసి ఒకే పొట్లంలో తిన్నాం. వాళ్ళు దాన్ని ముఢి అన్నారు, మేము మరమరాలన్నాం.

అంతకు మూడు నెలల ముందు, అదే ఏడు జనవరిలో, గుణుపురంతో ఫైనల్. వాళ్ళ ఊరికే వెళ్ళాం, చిన్న రైలు మీద. 1900లో నౌపడ నుంచి మన ఊరికి వేసిన నారోగేజి లైను అది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. అది ఎంత మెల్లగా పోయేదంటే మావాళ్ళు కాశీనగర్ దాటాక దిగి, పొలంలో పెసరకాయలు కోసుకుని మళ్ళీ ఎక్కారు. ఇప్పటి బ్రాడ్‌గేజి రైల్లో ఆ సరదా లేదు. కొత్త ప్యాడ్లు కూడా ఉన్నాయి మాకు, ఆ ప్రయాణానికని ఒక ఊళ్ళో ఒక కొట్టులో కొన్నవి. గ్రౌండుకెళ్ళి విప్పితే రెండూ ఎడమ కాలివే. కొట్టు పేరు రాయను, ఇప్పుడు రాసి ఏం లాభం. నేను కుడి కాలికి ఎడమ ప్యాడు కట్టుకుని దిగాను. బకిల్సు లోపలివైపు పడి అడుగు తీసి అడుగు వేస్తుంటే ఒకదానికొకటి తగిలి టకటకమనేవి.

ఎనిమిది బంతుల్లో ఏడు పరుగులు కావాలి. రెండు వికెట్లున్నాయి. నేను నాన్ స్ట్రైకర్. అవతల మా కీపరు, ఒడియావాడు, నా బెంచీవాడు. కవర్స్‌లోకి కొట్టాడు. బంతి నేరుగా ఫీల్డరు చేతుల్లోకి పోతోంది. వాడు "రొహొ!" అన్నాడు, అంటే ఆగు అని. ఆ గోలలో, నా ప్యాడ్ల టకటకలో నాకు మొదటి అక్షరమే అందింది. రా అన్నాడనుకున్నాను. సగం పిచ్ దాటాక వాడి మొహం చూశాను. వాడు క్రీజులో పాతుకుపోయి ఉన్నాడు. వెనక్కి తిరిగితే ఎడమ ప్యాడు కుడి ప్యాడుకి, అంటే ఇంకో ఎడమ ప్యాడుకి, తట్టుకుంది. మ్యాటు మీద బోర్లా పడ్డాను. బౌలరు తొందరేమీ పడకుండా బెయిల్సు తీశాడు. రెండు పరుగులతో ఓడిపోయాం.

డ్రిల్లు మాస్టారు తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. నడుం మీద చేతులు పెట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏట్రా అది? ఒకడు తెలుగులో పరిగెట్టినాడు, ఒకడు ఒడియాలో ఆగిపోనాడు!" అన్నారు. ఆ మాట స్కూలంతా పాకింది. ప్రార్థనకి వరసలో నిలబడితే చాలు, వెనక నుంచి ఎవడో ఒకడు గొణిగేవాడు. కీపరూ నేనూ వారం రోజులు మాట్లాడుకోలేదు, ఒకే బెంచీ మీద కూర్చుని.

సవర కుర్రాడి సంగతి ఇక్కడ చెప్పాలి. వాడు మాతో ఆడిన రెండేళ్ళలో ఒక్కసారి కూడా రనౌట్ కాలేదు, ఎవర్నీ చేయలేదు. వాడు అరిచేవాడే కాదు. మన రెండు భాషలూ వాడికి పరాయివేగా. పరుగు వద్దంటే అరచెయ్యి ఎత్తి చూపేవాడు, కావాలంటే బ్యాటు ముందుకు చాపేవాడు. అప్పుడు మేము దాన్ని మాట రాక చేస్తున్న పనిగా చూశామే తప్ప, తెలివిగా చూడలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇదే ఊరికి పాఠాలు చెప్పడానికొచ్చి, సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారని తెలుగు మాస్టారు చెప్తే పరీక్షకి రాసుకున్నాం. పక్కనున్నవాణ్ణి ఒక్క మాట అడిగి నేర్చుకున్న పాపాన పోలేదు, నాతో సహా.

ఇక ఈసారి టోర్నమెంటులో రెండో మ్యాచ్ పాతపట్నం పిల్లలతో. ఫీల్డింగ్ సర్దుబాట్లు వాళ్ళకి తెలియకుండా ఉండాలని మనవాళ్ళు ఒడియాలో మాట్లాడుకోవడం మొదలెట్టారు. పాతపట్నం కెప్టెను చక్కటి ఒడియాలో జవాబిచ్చాడు. రోజూ వంతెన దాటి మన బజారుకొచ్చేవాడికి ఒడియా రాదా? మనవాళ్ళు 118 కొట్టారు. వాళ్ళు 80 దాకా బాగానే వచ్చారు. అప్పుడు మన ఎడంచేతి స్పిన్నరు, పదమూడేళ్ళు కూడా ఉండవు, బంతి చేతికి తీసుకున్నాడు. బ్యాట్స్‌మన్‌ని చూడడం లేదు, స్టంపుల్ని చూడడం లేదు. మ్యాటు వైపు చూస్తున్నాడు. నాకు రెండో ఓవర్లో అర్థమైంది, వాడు చూస్తున్నది కుట్టుని. ఆరు బంతుల్లో మూడు సరిగ్గా పురికోస మీద వేశాడు. ఒకటి లేచి గ్లవ్స్‌కి తగిలి స్లిప్‌లోకి పోయింది. ఒకటి నేలకంటుకుని పాకి మిడిల్ స్టంపు లేపింది. అవతలివాళ్ళు మ్యాటు బాలేదని అంపైరుకి చెప్పుకున్నారు. మ్యాటు బాలేదు, నిజమే. కానీ దాని మీద వాళ్ళూ వేశారుగా. 19 పరుగులతో నెగ్గాం.

మూడోది గుణుపురంతో. పేరు వినగానే నా కుడి మోకాలు గుర్తుకొచ్చింది. కోచ్ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. కోచ్ ఎవరో చెప్పలేదు కదూ. నా కీపరే. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు పిల్లలకి నేర్పుతున్నాడు, జీతం బత్తెం లేకుండా. జుట్టు పోయింది, గొంతు పోలేదు.

చివరి ఓవరుకి ఐదు పరుగులు కావాలి. నాకు టెన్షన్‌తో కాళ్ళు ఆగడం లేదు. పిచ్ మీద ఒకడు తెలుగు కుర్రాడు, ఒకడు ఒడియా కుర్రాడు. చుట్టూ గోల, రెండు భాషల్లోనూ. మొదటి బంతికి ఒకటి. రెండోది కవర్స్‌లోకి, అచ్చం అలాగే, ఫీల్డరు చేతుల్లోకి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఇద్దరూ ఎవరి క్రీజులో వాళ్ళున్నారు. కొట్టినవాడు అరచెయ్యి ఎత్తి ఉన్నాడు, నోరు మూసుకుని. తర్వాతి బంతికి బ్యాటు ముందుకు చాపాడు, రెండు తీశారు. ఎక్కడా ఒక్క మాట లేదు. ఐదో బంతికి మిడ్ వికెట్ మీదుగా ఫోరు.

పిల్లలు గ్రౌండులోకి పరిగెడుతుంటే నేను కీపరు వైపు తిరిగాను.

"ఆ చెయ్యి..." అన్నాను.

"మొదటిరోజు అదే నేర్పుతాను. బ్యాటు తర్వాత."

"మన సవరవాడిది కదూ?"

"మరి? నీది నేర్పమంటావా?" అన్నాడు. కాసేపయ్యాక మళ్ళీ తనే, "ఆ రోజు నేను రొహొ అని రెండుసార్లన్నాను రా. రెండుసార్లు" అన్నాడు. ఒకసారే అన్నాడు. నాకు బాగా గుర్తు. టీ తాగినంతసేపూ అదే వాదన, డబ్బులు మాత్రం నాచేత ఇప్పించాడు.

పిల్లల కిట్టు చూశాను. బ్యాట్లు మూడు బాగున్నాయి, గ్లవ్స్ పర్వాలేదు. ప్యాడ్లు చిరిగి దూది బయటికొచ్చింది. ఈ సంచిక చదివి ఎవరైనా కొత్తవి పంపదలుచుకుంటే స్కూలు అడ్రసుకే పంపండి. దయచేసి కొనేముందు కొట్టులోనే విప్పి, కుడిదొకటి ఎడమదొకటి ఉన్నాయో లేదో చూసుకోండి.